వెయ్యీ అరవై రెండు మీటర్ల దగ్గర

నవంబరు రెండో వారం. మధ్యాహ్నం మూడూ ఇరవైకి మా బస్సు పోస్టు గేటు ముందు ఆగింది. లెబనాన్‌లో బీరూట్ విమానాశ్రయం నుంచి దక్షిణానికి నాలుగు గంటల ప్రయాణం. దిగగానే చలిగాలి ముఖాన కొట్టింది. గేటు పక్కన పలక మీద ఆ రోజు ఉష్ణోగ్రత సుద్దతో రాసి ఉంది: ఆరు డిగ్రీలు. నా సామాను ఒక ట్రంకు పెట్టె, ఒక కిట్ బ్యాగు, రైఫిలు, నీలం హెల్మెట్, మందుల సంచి. అమ్మ కట్టిచ్చిన మురుకుల డబ్బా ఢిల్లీ దాటకముందే ఖాళీ అయింది.

పోస్టు ఒక కొండ భుజం మీద ఉంది. తూర్పున పెద్ద మంచు కొండ. పడమట లోయ, లోయ నిండా ఆలివ్ తోటలు. కింద అరవై డెబ్బై ఇళ్ళ ఊరు. ఊరికీ మాకూ మధ్య ఉన్న వాలు చుట్టూ ముళ్ళతీగ. తీగకు ఇరవై అడుగులకొక ఎర్ర త్రికోణం రేకు. మొదటి రోజే కంపెనీ కమాండర్ మేజర్ సాబ్ మమ్మల్ని వరసగా నిలబెట్టి ఆ రేకు చూపించారు.

"ఇది దాటి ఒక్క అడుగు పడకూడదు. బంతి పోయినా, టోపీ ఎగిరిపోయినా, మీ దేవుడే పిలిచినా సరే."

ఆ నేలలో పాత యుద్ధాల నాటి మందుపాతరలున్నాయి. ఎవరు పెట్టారో, ఎన్ని పెట్టారో ఎవరి దగ్గరా కాగితం లేదు. ఏడాది డ్యూటీలో నేను మరిచిపోకూడని ఆర్డరు అదొక్కటే. అయిదు నెలలు బాగానే గుర్తుంచుకున్నాను.

మాది మిర్యాలగూడ పక్కన వేములపల్లి. తాతల నాటి నుంచి గొర్లు కాసిన ఇల్లు. పదో తరగతి దాకా నాకు పొద్దున బడి, సాయంత్రం మంద. సైన్యంలో చేరేటప్పుడు ఏం పని వచ్చని అడిగితే, ఈనలేని గొర్రె కడుపులోంచి పిల్లను తియ్యడం వచ్చని చెప్పాను. నవ్వారు గానీ పశువైద్య విభాగంలో వేశారు. లెబనాన్ వెళ్ళేనాటికి నాయక్‌ని. ఉద్యోగం పేరు డ్రెస్సర్. ఐక్యరాజ్య సమితి శాంతి దళంలో మన బెటాలియన్ గస్తీ తిరగడంతో పాటు ఊళ్ళలో పశువులకు శిబిరాలు పెట్టేది. డాక్టర్ సాబ్ పట్టుకోమన్న జంతువును పట్టుకోవడం, పొడవమన్న చోట సూది పొడవడం నా డ్యూటీ.

మొన్న సూర్యాపేటలో మాజీ సైనికులం కలిశాం. ఒకాయన గడ్డకట్టిన మంచులో కాలి వేళ్ళు పోగొట్టుకున్నాడు. ఇంకొకాయన భుజంలో ఇప్పటికీ రేకు ముక్క ఉంది. నా వంతు వచ్చింది. "నువ్వేం జేసినవే గాడ?" అని అడిగారు. "మేకలకు మందు తాపిన" అన్నాను. హాలంతా నవ్వింది. నవ్వడం తప్పేం కాదు, నేనైనా నవ్వేవాణ్ణి. తర్వాత చాయ్ దగ్గర మిగతాది చెబితే, ఒక రిటైర్డ్ టీచరు రాసిపెట్టమన్నాడు. అందుకే ఇది.

మా పోస్టులో తెలుగువాళ్ళం ఇద్దరమే. రెండో మనిషి సాపర్ హవల్దార్. మందుపాతరలు వెతికి తీసే పని ఆయనది. సొంతూరు కోదాడ. ఆరడుగుల రెండంగుళాల మనిషి, బూటు సైజు పదకొండు. మాట తక్కువ, విసుగు ఎక్కువ. కోదాడోళ్ళు సగం ఆంధ్రావాళ్ళని నేను ఏడిపించేవాణ్ణి. వేములపల్లోళ్ళకు మనుషుల కంటే గొర్రెలే దగ్గరి చుట్టాలని ఆయన అనేవాడు. నేను ఆయన్ని సాపరన్నా అని పిలిచేవాణ్ణి.

డిసెంబరులో మొదటి శిబిరం పెట్టాం. రిజిస్టరులో పదకొండో పేరు మదాం నీనా, వయసు ఎనభై రెండు, మేకలు తొమ్మిది. పొట్టి మనిషి. నల్ల కోటు, తలకు రుమాలు, కాళ్ళకు నల్ల లేసు బూట్లు. "నమస్తే బేటా" అంది. మా కంటే ముందు వచ్చిన బ్యాచ్‌ల దగ్గర ఆమె హిందీ నేర్చుకుంది. పొడవు మాటలకు మా దుబాసీ సాయం చేసేవాడు. ఆయన ఆ ఊరి బడిలోనే పంతులు.

మేకలకు మందు పోశాక ఇంటికి రమ్మంది. బల్ల మీద ఇత్తడి పాత్ర, దానికి కింద కొళాయి. అందులోంచి వేడినీళ్ళు పట్టి చాయ్ ఇచ్చింది, పక్కన గిన్నెలో చెర్రీ పళ్ళ పాకం పెట్టింది. పాలు లేవు. పాకం చెంచాతో నోట్లో వేసుకుని పైన చాయ్ తాగాలట. మిర్యాలగూడ బస్టాండు చాయ్ తాగి పెరిగిన నోటికి అది చాయ్ అనిపించలేదు. మూడోసారి నుంచి నేనే అడిగి తాగాను. గోడ పక్కన ఒక పాత పియానో ఉంది. ఊళ్ళో ఎవరి పిల్లలైనా, ఏ మతం వాళ్ళైనా నేర్చుకోవడానికి ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. అది ఆమె తల్లి పెట్టిన అలవాటు.

ఆమె తండ్రి సంగతి ఆ రోజే తెలిసింది. రష్యాలో రాజును దించి విప్లవం వచ్చాక రెండు సైన్యాలు కొట్టుకున్నాయి. ఎర్రసైన్యం గెలిచింది. నీనా తండ్రి ఓడిపోయిన తెల్లసైన్యంలో కెప్టెను. నేల కొలిచి మ్యాపులు గీయడం ఆయన పని. కొలత సామాను ఒక పెట్టెలో పెట్టుకుని ఓడ ఎక్కి నల్లసముద్రం దాటాడు. ఏ దేశపు పౌరుడూ కాదన్న కాగితం జేబులో పెట్టుకుని, ఊళ్ళు మారి మారి బీరూట్ చేరాడు. అప్పట్లో అక్కడ ఫ్రెంచివాళ్ళ పాలన. వాళ్ళకు కొండలు కొలిచేవాళ్ళు కావాలి, వీళ్ళకు అన్నం కావాలి. అలాంటి రష్యన్లు అక్కడ చాలామందే ఉండేవాళ్ళట. కొందరు రోడ్లు వేశారు, కొందరు దవాఖానాల్లో పని చేశారు. ఆడవాళ్ళు పియానో, పాట, నాట్యం నేర్పారు. కర్నలుగా చేసిన ఒకాయన ట్యాక్సీ నడిపాడు. వారమంతా ఎవరెక్కడ ఉన్నా శనివారం సాయంత్రానికి ఒక కిరాయి గదిలో పెట్టుకున్న చర్చికి చేరి అందరూ కలిసి పాడేవాళ్ళు. నీనా తండ్రిది బొంగురు గొంతు, వెనక వరస.

చాయ్ అయ్యాక ఆమె నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తీగ అవతలి వాలు చూపించింది. రెండు బండలు, వాటి మధ్య ముళ్ళ పొదలు.

"పాపా అక్కడున్నాడు" అంది.

ఈ కొండల్లో ఆయన మొదట కొలిచిన చోటు అదే. చనిపోయేటప్పుడు అక్కడే పూడ్చమన్నాడు. రాయి మీద పేరు, కింద ఆ చోటు సముద్రం కంటే ఎన్ని మీటర్ల ఎత్తో చెక్కించమన్నాడు. భూమ్మీద తాను ఎక్కడున్నదీ కచ్చితంగా తెలిసిన చోటు తనకు అదొక్కటే అనేవాడట. ఈస్టర్ తర్వాత తొమ్మిదో రోజున రష్యన్లు సమాధుల దగ్గరికి వెళతారు. ఎర్ర రంగు వేసిన గుడ్డు, తియ్య రొట్టె పెట్టి, పోయినవాళ్ళతో కలిసి తింటారు. పెద్దలకు పెట్టుకునే మన పెత్రమాస లాంటిదే. యుద్ధం వచ్చి, మందుపాతరలు పడి, ఆమె అక్కడికి వెళ్ళి నలభై ఏళ్ళు. ఏటా తీగ దగ్గరే గుడ్డు పెట్టి వచ్చేది.

వచ్చిన ప్రతి బ్యాచ్‌నూ ఆమె ఒకటే అడిగేది. రాయి ఉందా, బాంబుల్లో పోయిందా? అది చెబితే చాలు.

సాపరన్నను ఆమె దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన దూరబీనుతో చూశాడు. పొదలు తప్ప ఏమీ కనిపించలేదు. శుభ్రం చెయ్యాల్సిన నేలకు ఒక లిస్టు ఉంటుంది. ముందు మంచినీళ్ళ చోట్లు, తర్వాత రోడ్లు, పొలాలు. సమాధి లిస్టులో లేదు.

"ఆశ పెట్టబాకయ్యా ముసలామెకి" అని దారిలో నన్ను కసిరాడు. "మనం ఏడాది ఉంటాం, పోతాం. చూస్తాం అని చెప్పటం తేలిక. ఇప్పటికి ఎంతమంది చెప్పుంటారో."

ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్ళినప్పుడు ఆమె ఒక రేకు గొట్టంలోంచి తండ్రి గీసిన కాగితం తీసి పరిచింది. నల్ల సిరా, సన్నటి గీతలు. ప్రతి బండ, ప్రతి ఊట, ప్రతి రాతి గోడ అందులో ఉంది. సాపరన్న తన జేబులోంచి మా గస్తీ మ్యాపు తీసి పక్కన పెట్టాడు. చాలాసేపు వేలు ఒక గీత మీద, ఇంకో వేలు ఇంకో గీత మీద పెట్టి నడిపించాడు.

"ఇదే అది" అన్నాడు. "మన మ్యాపుకు తల్లి ఇదేనయ్యా. ఈ వంపు చూడు, ఈ గీత ఆగిన చోటు చూడు. దీన్ని చూసి వాళ్ళెవరో గీశారు, వాళ్ళను చూసి ఇంకొకళ్ళు గీశారు."

మా మ్యాపు అడుగున ఆఫీసుల పేర్లు చాలా ఉన్నాయి. ఆయన పేరు ఎక్కడా లేదు. నాకు కోపం వచ్చింది. మూడు నెలలుగా ఆ మనిషి గీసిన గీతల మీదే కాలు పెట్టి మంచులో దారి తప్పకుండా తిరుగుతున్నాం. ఒక్కరికీ తెలియదు. ఆ మాటే అంటే నీనా నవ్వింది. కొండ తనదైతే కదా పేరు రాసుకోవడానికి, అనేవాడట ఆయన.

ఏప్రిల్ వచ్చింది. ఈస్టర్ తర్వాత తొమ్మిదో రోజు, మంగళవారం. ఉదయం తొమ్మిదిన్నర. ఎండ, పద్నాలుగు డిగ్రీలు. నేను, తోడుగా ఒక రైఫిల్‌మన్, దుబాసీ ఊళ్ళో మందుల రౌండు ముగించుకుని తీగ పక్కన దారిలో వస్తున్నాం. నీనా బుట్ట పట్టుకుని తీగ దగ్గర నిలబడి ఉంది. చుట్టూ మేకలు. లెక్క పెడితే ఎనిమిది. నిండు చూలుతో ఉన్నది కనిపించలేదు. 'మేక ఏది' అని అడగబోయేంతలో తీగ అవతల నుంచి అరుపు వినిపించింది.

ఆ అరుపు నాకు తెలుసు. కడుపులో పిల్ల అడ్డం తిరిగితే గొర్రె గానీ మేక గానీ అలా అరుస్తుంది. అది వింటే మా ఇళ్ళల్లో అన్నం ముందు కూర్చున్నవాడు ఎంగిలి చేత్తోనే లేస్తాడు. నేనూ అంతే. ఆలోచించి వెళ్ళలేదు. ఆలోచించి ఉంటే వెళ్ళేవాణ్ణి కాదు. తీగ ఎత్తి, కింద దూరి, మేకలు నడిచిన జాడ పట్టుకుని పరుగెత్తాను. మధ్యలో ఒక పొద అడ్డం వస్తే దాటి దూకాను. రెండు బండల మధ్య మేక పడి ఉంది. చెయ్యి పెట్టి చూశాను. తల వెనక్కి తిరిగి ఉంది. నెమ్మదిగా సరిచేసి, కాళ్ళు రెండూ పట్టి, అది ముక్కినప్పుడల్లా లాగాను. పిల్ల వచ్చింది. ముక్కులు తుడిచి, నోట్లో ఊది, గడ్డితో ఒళ్ళు రుద్దాను. ఊపిరి తీసింది.

అప్పుడు తలెత్తాను. తీగ నలభై మీటర్ల దూరంలో ఉంది. ఎర్ర రేకులు వెనక వైపు నుంచి కనిపిస్తున్నాయి. వెనక వైపు రంగు వెయ్యరు.

రైఫిల్‌మన్ రేడియోలో మాట్లాడటం గాలికి స్పష్టంగా వినిపించింది.

"కంట్రోల్, ఒక మనిషి రేకు దాటి లోపలున్నాడు, ఓవర్."

"ఊరివాడా? ఓవర్."

"మనవాడే. మేకల డ్రెస్సర్, ఓవర్."

"బతికే ఉన్నాడా? ఓవర్."

"మేకపిల్లను తుడుస్తున్నాడు, ఓవర్."

పది గంటల అయిదు నిమిషాలకు సాపరన్న జీపు దిగాడు. ముందు నన్ను కడుపునిండా తిట్టాడు. ఆ తిట్లు ఇక్కడ రాయను. తర్వాత గొంతు మార్చాడు.

"కాలు కదపకుండా చెప్పు. నీ పక్కన రాయి ఏమన్నా ఉందా, పెద్దది?"

అప్పుడు చూశాను. పొద కింద, నా మోకాలికి ఆనుకుని, పలక రాయి. మనిషి పొడవు ఉంది. దాని తలవైపు చిన్న రాతి శిలువ, అడ్డం కమ్మీ ఒకటి వాలుగా.

"ఉన్నదన్నా. కానీ సమాధి అది."

"దాని మీదికెక్కి కూచో. నేను వచ్చేదాకా దిగబాక."

"సమాధి మీద ఎట్ల కూసుంటనే?"

"అది నీది కాకుండా చూసుకోవయ్యా ముందు. ఎక్కు!"

ఎక్కాను. బెల్టు విప్పి తల్లి మేక మెడకు కట్టి, కొస మణికట్టుకు చుట్టుకున్నాను. అది అటూ ఇటూ తిరిగితే ఇద్దరం పోతాం. పిల్లను జాకెట్‌లో పెట్టుకున్నాను. మా నాయిన బతికుంటే సమాధి మీద కూర్చున్నందుకు వీపు పగలగొట్టేవాడు. కింద ఉన్న పెద్దమనిషికి తెలుగులోనే చెప్పాను, ఏమనుకోవద్దు పెద్దాయనా, గతిలేక కూర్చున్నానని.

నేను ఎక్కిన రాయి ఏదో అవతల నీనాకు అర్థమైపోయింది. దుబాసీ మెగాఫోన్ పట్టుకున్నాడు.

"మదాం అడుగుతోంది. రాయి ఉందా?"

"ఉంది. విరగలేదు."

ఆమె ఉన్నచోటే నేల మీద కూర్చుంది. కాసేపటికి మళ్ళీ మెగాఫోన్.

"అంకె కనిపిస్తోందా?"

రాయి నిండా నాచు. నా సంచిలో గిట్టలు చెక్కే కత్తి ఉంది. దానితో నెమ్మదిగా గీకాను. అక్షరాలు వచ్చాయి. అవి నాకు రావు. వాటి కింద అంకెలు వచ్చాయి. అంకెలు ఎవరికైనా ఒకటే. గట్టిగా చదివాను.

"ఒకటి. సున్నా. ఆరు. రెండు."

దుబాసీ అరబ్బీలో చెప్పాడు. నీనా లేచి నిలబడి, తనే హిందీలో అరిచింది. "ఫిర్ సే బోలో, బేటా!" మళ్ళీ చదివాను. మూడుసార్లు చదివించుకుంది. నాకు ఏడుపొచ్చింది. ప్రాణభయం వల్ల అనుకోవచ్చు ఎవరైనా. కాదు. నలభై ఏళ్ళుగా ఒక మనిషి అడుగుతున్న దానికి జవాబు నా నోటి నుంచి వచ్చింది, అందుకు.

నేను కూర్చున్నందుకు క్షమించమని చెప్పించాను. "పాపాకు అతిథులంటే ఇష్టం, హాయిగా కూర్చోమను" అని జవాబొచ్చింది.

ఆ తర్వాత ఆమె ఇంటికి వెళ్ళి రేకు గొట్టం తెచ్చింది. సాపరన్న కాగితం జీపు బానెట్ మీద పరిచాడు. తీగను ఆనుకుని ఉన్న కింది రాతి గోడ నుంచి సమాధి దాకా ఆ కాగితంలో ఒక రాతి పట్టె గీసి ఉంది. ఇప్పుడు పైన మట్టి, గడ్డి పెరిగి కళ్ళకు కనిపించడం లేదు. అక్కడికి వెళ్ళి సన్నటి చువ్వ గుచ్చి చూశాడు. రెండు వేళ్ళ లోతున రాయి తగిలింది. అంత పైనే రాయి ఉన్నచోట మందుపాతర పాతడం కుదరదు. ఇంకో జానెడు ముందు గుచ్చాడు. మళ్ళీ రాయి.

"తమ్ముడూ, ఈ ముసలాయన అబద్ధం చెప్పలేదు" అని అరిచాడు. "మామూలు మట్టి అయితే నాకు రెండు రోజులు. ఇట్టా అయితే సాయంత్రానికి వస్తా."

పది యాభైకి మొదలుపెట్టాడు. బోర్లా పడుకుని, యంత్రంతో విని, చువ్వతో గుచ్చి, జానెడు జానెడు ముందుకు. రెండడుగుల వెడల్పు దారి, రెండు వైపులా తెల్ల మేకులు, తెల్ల టేపు. దీన్ని లేన్ అంటారు. నలభై నాలుగు మీటర్లు. ఎండలో ఆ జాకెట్, ఆ హెల్మెట్ అద్దం, ఆ మనిషి. ఒక్కసారి కూడా నీళ్ళడగలేదు.

నీనా తీగ పక్కనే ఉండిపోయింది. దుబాసీ మెగాఫోన్‌లో ఆమె మాటలు నాకు చెబుతూనే ఉన్నాడు. చెయ్యి అందేంత మేర పొద కొమ్మలు విరవమంది. విరిచాను. అక్షరాల్లో నాచు తియ్యమంది. తీశాను. మధ్యలో తండ్రి కబుర్లు. గొలుసు పట్టి కొలవడానికి ఈ ఊరివాళ్ళనే పెట్టుకున్నాడట. అడుగులు సమంగా పడాలని వాళ్ళకు పాట నేర్పాడట, అంకెలు నేర్పాడట. ఊళ్ళో ముసలివాళ్ళు ఇప్పటికీ పొలం కొలిచేటప్పుడు రష్యన్‌లోనే లెక్కపెడతారని దుబాసీ తన మాటగా చెప్పాడు. వాళ్ళ తాత కూడా అంతేనట. రజ్, ద్వా, త్రి. అవి ఏ భాష మాటలో చిన్నప్పుడు ఆయనకు తెలియదు, కొలతల భాష అనుకునేవాడు.

నాలుగు గంటలు దాటి అయిదు నిమిషాలకు సాపరన్న చెయ్యి పలక రాయి మీద పడింది. లేచి నిలబడి, వెనక్కి తిరిగి, నేను పరుగెత్తి వచ్చిన జాడ వైపు వేలు చూపించాడు. ఆ జాడ లేన్ అంచుకు దగ్గరగా వచ్చిన చోట ఒక మందుపాతర కనిపెట్టి, వస్తూ వస్తూ ఎర్ర జెండా గుచ్చాడు. పొద దాటి దూకినప్పుడు నా బూటు పడిన గుర్తు ఉంది. జెండా దానికి జానెడు దూరంలో ఉంది.

"చూశావా?" అన్నాడు.

"చూసిన."

"ఇంటికి పోయినాక కూడా చూస్తానే ఉంటావులే."

ఆయన ముందు, నేను వెనక, నా వెనక మేక. బయటికొచ్చాం. మేజర్ సాబ్ జీపు దగ్గర నిలబడి ఉన్నారు. నన్ను పైనుంచి కిందికి చూశారు. "నీ సంగతి రేపు" అన్నారు. మేకపిల్ల నా జాకెట్‌లోంచి అరిచింది. ఎవరూ నవ్వలేదు.

నీనా బుట్ట పట్టుకుని లేన్ మొదట్లో నిలబడింది. ఏమీ అడగలేదు. నలభై ఏళ్ళు అడిగిన మనిషి అప్పుడు అడగలేదు, తెల్ల టేపు వైపు చూస్తూ ఉంది. నాకు ఆగలేదు. అటెన్షన్‌లో నిలబడి, "సర్, మదాంను ఒక్కసారి" అన్నాను.

"నువ్వు నోరు మూసుకో" అన్నారు మేజర్ సాబ్. "లేన్ లోపలికి సివిలియన్ వెళ్ళడానికి నేను ఆర్డరు ఇవ్వలేను. అయిదింటికి మూసెయ్యాలి."

సాపర్లకు ఒక పద్ధతి ఉంది. లేన్ తవ్వినవాడు దాన్ని కమాండరుకు అప్పగిస్తూ కాగితం మీద సంతకం పెట్టాలి. సంతకం పడేదాకా లేన్ ఆ సాపర్‌ది. దాని మీద ఎవరు నడవాలో అతనే చెబుతాడు, అతని ప్రాణం మీదే. మేజర్ సాబ్ గడియారం చూసుకుని సాపరన్న వైపు తిరిగారు.

"హవల్దార్, లేన్ నాకు అప్పగించావా?"

"ఇంకా లేదు సాబ్. సంతకం పెట్టలేదు."

"అయితే నాకేం సంబంధం" అంటూ ఆయన జీపు అవతలికి వెళ్ళి, మాకు వీపు చూపించి, రేడియో పట్టుకున్నారు. ఎవరితో మాట్లాడారో తెలియదు. వినిపించలేదు.

సాపరన్న నీనా ముందు నిలబడ్డాడు. తన హెల్మెట్ తీసి ఆమె తలకు పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించాడు. "అమ్మా, నా అడుగులోనే అడుగు" అని తెలుగులో అన్నాడు. దుబాసీ అవసరం రాలేదు. ఇద్దరూ లోపలికి వెళ్ళారు. సమయం నాలుగూ ఇరవై అయిదు.

వెళ్ళడం, ఉండటం, రావడం అన్నీ కలిసి పద్దెనిమిది నిమిషాలు. రాయి దగ్గర ఆమె మోకరిల్లడం కనిపించింది. ఎర్ర గుడ్డు రాయి అంచుకు కొట్టి వొలిచింది. సగం రాయి మీద పెట్టింది. మిగిలిన సగం సాపరన్నకు ఇచ్చింది. ఆయన నిలబడే తిన్నాడు. తర్వాత ఆమె పాడింది. గాలి అటు వైపుంది, మాకు వినపడలేదు. ఆయన తర్వాత చెప్పాడు, సన్నటి గొంతేగానీ ఎక్కడా తప్పలేదని.

మర్నాడు పదకొండింటికి నన్ను మార్చ్ చేయించి మేజర్ సాబ్ ముందు నిలబెట్టారు. తీవ్ర మందలింపు. నాకు రావాల్సిన హవల్దార్ పదోన్నతి రెండేళ్ళు వెనక్కి పోయింది. న్యాయమే. నా వెనక ఇంకొకడు పరుగెత్తి ఉంటే ఏమయ్యేది? లేన్ మాత్రం కాగితాల్లోకి ఎక్కింది. ఒకసారి ఎక్కిన లేన్‌ను మళ్ళీ తీసెయ్యరు. మేం తిరిగొచ్చేనాటికి దాన్ని మీటరున్నర చేసి, సిమెంటు మేకులు పాతారు. మా తర్వాత వెళ్ళిన బ్యాచ్‌లవాళ్ళు ఫోన్ చేసి చెప్పారు, ఆమె మరో రెండేళ్ళు తొమ్మిదో రోజున తనే నడిచి వెళ్ళిందని. మూడో ఏడు ఆమెను కూడా ఆ దారినే తీసుకెళ్ళి తండ్రి పక్కన పూడ్చారట.

నవంబరులో తిరిగొచ్చాను. మిర్యాలగూడ స్టేషన్లో దిగేసరికి ఉదయం ఆరూ పది. చలి లేదు, ఉక్క. మూడో రోజు అమ్మను వెంటబెట్టుకుని కాలువ అవతలికి వెళ్ళాను. మా నాయిన్ని అక్కడ పూడ్చి తొమ్మిదేళ్ళు. తల దగ్గర ఒక బండరాయి పెట్టి వదిలేశాం. ప్రతి పెత్రమాసకూ నేను డ్యూటీలోనే ఉన్నాను. చుట్టూ సర్కారు తుమ్మ పెరిగి చోటు నాకు దొరకలేదు. అమ్మ చూపిస్తే గానీ తెలియలేదు. సిగ్గేసింది. వేరే దేశపు మనిషి రాయికి నాచు గీకినవాణ్ణి, మా నాయిన రాయి ఎక్కడుందో మరిచిపోయాను.

సాపరన్న నా కంటే ముందు రిటైరయ్యాడు. ఇప్పుడు కోదాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సర్వే ల్యాబ్ చూసుకుంటున్నాడు. నాకు మిర్యాలగూడలో పశువుల మందుల దుకాణం. పోయినేడు పెత్రమాస ముందు ఆయన ఎత్తులు కొలిచే లెవెల్ యంత్రం, స్టాండు బండి మీద కట్టుకుని వేములపల్లి వచ్చాడు. సముద్రం నుంచి ఎంత ఎత్తో రాసి ఉన్న రైల్వే వాళ్ళ గుర్తు రాయి నుంచి కొలుచుకుంటూ మా నాయిన దాకా వచ్చాడు. పూటంతా పట్టింది. నూటా తొమ్మిది మీటర్లు. పేరు కింద ఆ అంకె చెక్కించాను.

"నంబరేందిరా, కరెంటు స్తంభం లెక్క" అంది అమ్మ.

"నాయిన గీడ ఉన్నడని, అమ్మా. సరిగ్గ గీడ."

ఆమె రాయి మీద కల్లు పోసి, కొంగుతో అంకె తుడిచింది.

నెలకోసారి కోదాడ వెళతాను. ఆయన కాలేజీ గ్రౌండులో పిల్లల చేత అడుగులు లెక్కపెట్టిస్తుంటాడు. రజ్, ద్వా, త్రి. పిల్లలు కూడా అలాగే అంటారు, ఎందుకని ఎవరూ అడగరు. చాయ్ తాగుతూ నేను ఆ పద్దెనిమిది నిమిషాల సంగతి ఎత్తుతాను. ఆయన విసుక్కుంటాడు.

"మళ్ళీ మొదలుపెట్టావా? నేనట్టా నడవలేదయ్యా. నువ్వే ఏదో ఊహించుకున్నావు."

ఊహ కాదు. నేను తీగ దగ్గర నిలబడి చూశాను. గుచ్చి గుచ్చి వదులైన మట్టి. సైజు పదకొండు బూటు ముద్ర, దానిలో చిన్న నల్ల లేసు బూటు. మళ్ళీ ముద్ర, మళ్ళీ బూటు. నాలుగో అడుగు దగ్గర ఆమె ఆగింది. ఆరడుగుల మనిషి అంగ ఆమెకు అందలేదు. కాలు గాలిలో ఉంది, పక్కన పెట్టకూడదు. సాపరన్న వెనక్కి తిరగలేదు. చప్పుడు ఆగడం విన్నాడేమో. రెండడుగులు వెనక్కి వేసి, మధ్యలో తన బూటు నొక్కి ఆమెకో ముద్ర చేశాడు. అక్కడి నుంచి రాయి దాకా, మళ్ళీ రాయి నుంచి తీగ దాకా, అంత మనిషీ ఎనభై రెండేళ్ళ మనిషి నడిచే అడుగులే వేశాడు.